బండి పెట్టి పోయేముందు ఒక్క నిమిషం

2022 మార్చిల ఒక సోమవారం మా బాపుకు కడుపుల నొప్పి లేస్తె జిల్లా కేంద్రంల ఉన్న పెద్ద దవాఖానకు తీస్కపోయిన. గేటు పక్కకు చింతచెట్టు కింద బండి పెట్టిన. అప్పటికే అక్కడ ముప్పై నలభై బండ్లున్నయ్. బాపు వంగిపోయి నడుస్తుండు. చీటీ రాసే కాడ లైను పెద్దగున్నది. గా తొందరల హ్యాండిల్ లాక్ ఎయ్యలే. చాబీ తీసి జేబుల ఏస్కున్న, గంతే. చీటీ తీస్కొని, బాపును బెంచి మీద కూసోవెట్టి, బండికి తగిలేసిన సంచిల నీళ్ల సీస తెద్దామని వచ్చిన. బండి లేదు. ఇరవై నిమిషాలు సుత కాలే.

మాకు బండి షోకు కాదు. దినాం పొద్దుగాల రెండు క్యాన్ల పాలు దాని మీదనే కేంద్రానికి పోతయ్. చెల్లె కాలేజీకి, అవ్వ అంగడికి, యూరియా బస్తా పొలం కాడికి, అన్నిటికీ అదే. 2019 దసరాకు ముప్పై ఆరు కిస్తీల మీద కొన్నం. పోయిననాటికి ఇంక ఏడు కిస్తీలున్నయ్. బండి లేకున్నా గా ఏడు నెలలు కట్టుడు తప్పలే. పాలు సైకిల్ మీద పోయినయ్.

తర్వాత ఠాణా చుట్టు, మెకానిక్ షెడ్డు చుట్టు, ఇన్సూరెన్స్ ఆఫీసు చుట్టు తిరిగి తిరిగి కొన్ని నేర్సుకున్న. ఇయి పోకముందు తెలిసుంటె బండి పోకపోవు, పోయినా పైసలన్నా వచ్చు. గందుకే ఈడ రాస్తున్న.

దొంగ ఏం చూస్తడు

తాళం ఎంత గట్టిదైనా ఇరగ్గొట్టేటోడు ఇరగ్గొడుతడు. నిజమే. కానీ దొంగకు నీ బండే కావాలని పట్టింపు ఉండదు. వరుసల నలభై బండ్లుంటె అండ్ల ఏది సులువో అదే కావాలె. వాడు భయపడేది మూడిటికే: టైం పట్టుడు, చప్పుడు అయ్యుడు, మంది కండ్లల్ల పడుడు. నీ బండి పక్క బండి కన్నా రెండు నిమిషాలు ఎక్కువ ఇబ్బంది పెడితె వాడు ముందుకు నడుస్తడు. మనం చేసే జాగ్రత్తలన్నీ గా రెండు నిమిషాల కోసమే.

మాకు తెలిసిన మెకానిక్ ఒక ముచ్చట చెప్పిండు. పాత బండ్లల్ల తాళం లోపలి పండ్లు అరిగిపోతయ్. అప్పుడు వేరే బండి చాబీ పెట్టి అటిటు ఆడిస్తె సుత తిరుగుతది. నీ బండి గట్ల అయిందా లేదా నువ్వే చూసుకోవచ్చు. బండి నడుస్తుండంగనే చాబీ బయటికి వస్తుందంటె, తమ్ముని బండి చాబీతోని నీది స్టార్ట్ అయితుందంటె, లాక్ సెట్ మార్చే టైం అయినట్టే. "ఏ చాబీతోనైనా స్టార్టయితది అన్నా మా బండి" అని ఊర్లె నవ్వుకుంట చెప్తరు. అది నవ్వే ముచ్చట కాదు.

జాగ చూసి పెట్టుడు

దొంగతనాలు ఎక్కువ అయ్యేది మంది వచ్చిపోయే కాడనే. వారం అంగడి, బస్టాండు, రైల్వే స్టేషన్, దవాఖాన, ఫంక్షన్ హాలు, వైన్స్ ముంగట, కోచింగ్ సెంటర్ గల్లీ. గంత మందిల ఎవని బండి ఎవడు తీస్తుండో ఎవనికీ ఎరుక ఉండదు. లగ్గానికి వచ్చినోడు తన బండి తీసుకపోతుండనే అనుకుంటం. జాతరల సుత గంతే. కొమురవెల్లి మల్లన్న కాడికి సంక్రాంతి తర్వాత ఆదివారాలు పోయినోళ్లకు తెలుసు, బండ్లు పెట్టిన చేను చేనంత ఒక్క తీరుగనే కనపడతది.

పెట్టేటప్పుడు చూసుకోవాల్సినయి ఇయి:

– పైసలు తీసుకునే స్టాండు ఉంటె పది ఇరవై రూపాయల కాడ చూసుకోవద్దు. అండ్లనే పెట్టుర్రి. గా చీటీని బండి కవర్ల కాదు, నీ జేబుల పెట్టుకో. "బండి పోతె మాకు సంబంధం లేదు" అని చీటీ మీద అచ్చేసినంత మాత్రాన అన్నిసార్లు బాధ్యత పోదు. ఢిల్లీల ఒక పెద్ద హోటల్ వాళ్లు గిరాకి కారు చాబీ తీసుకొని వాళ్లే పార్క్ చేసినంక కారు పోయింది. గసోంటి రాత అడ్డం పెట్టుకొని తప్పించుకోవద్దని 2019ల సుప్రీంకోర్టు ఆ కేసుల చెప్పింది. ఏ కేసుకైనా చీటీనే సాక్ష్యం.

– స్టాండు లేకుంటె చాయ్ హోటల్ ముంగట, ఏటీఎం ముంగట, సీసీ కెమెరా ఉన్న దుకాణం ముంగట పెట్టుర్రి. దుకాణపాయనకు ఒక మాట చెప్పు: "అన్నా, జర బండి చూడు, అరగంటల వస్త." గా మాటకు పైసలు కావు. ఎవడన్న బండి మీద చెయ్యేస్తె ఆయన కన్ను దాని మీదనే ఉంటది.

– వరుసల చివరి బండి మీది కావద్దు. నడిమిట్ల పెడితె తీసేటందుకు వేరే బండ్లు జరపాలె. అది దొంగకు లొల్లి.

– రాత్రి అయ్యేదాక ఉండేదుంటె పగలు కాదు, రాత్రి వెలుగు ఏడ ఉంటదో చూసి పెట్టాలె. పొద్దుగాల నీడ కోసం చెట్టు కింద పెడితె మాపటీలి అదే చీకటైతది.

తాళాలు, ఎట్ల ఎయ్యాలె

హ్యాండిల్ లాక్ తప్పనిసరి. కానీ అదొక్కటే చాలదు. గట్టిగ తన్నితె ఇరిగే హ్యాండిల్ లాకులు మస్తున్నయ్. దానికి తోడు ఇంకొక తాళం కావాలె, అది దూరం నుంచే కనపడాలె.

డిస్క్ బ్రేకు ఉన్న బండికి డిస్క్ లాక్ మంచిది. చక్రం తిరగనియ్యదు. చిన్నగ ఉంటది, జేబుల పడుతది. ఒక్కటే ఇబ్బంది: మర్సిపోయి బండి ముందుకు తీస్తె కింద పడతవ్, డిస్కు సుత వంగుతది. గందుకే ఎర్ర దారమో, రంగు తాడో లాక్ నుంచి హ్యాండిల్ దాక కట్టుకోవాలె.

డ్రమ్ము బ్రేకు బండికి గొలుసు తాళం. గొలుసు ఎయ్యుడుల సుత ఒక పద్ధతున్నది. ఉత్త చక్రం పుల్లల్లకెళ్లి తిప్పి వదిలేస్తె బండిని ఎత్తి ట్రాలీల ఏసుకపోతరు. చక్రంల నుంచి తీసి, బండి చాసిస్‌కు కలిపి, వీలైతె కరెంటు స్తంభానికో, ఇనుప గ్రిల్లుకో, చెట్టుకో చుట్టాలె. గొలుసు నేలకు ఆనకుండ బిగువుగ ఉండాలె. నేల మీద పడి ఉంటె రాయి మీద పెట్టి సుత్తెతోని కొట్టుడు అల్కగైతది. సన్న తీగ మీద ప్లాస్టిక్ తొడుగేసినయి లావుగ కనపడతయ్ గని కటింగ్ ప్లేయర్‌కే తెగుతయ్. చేతిల పట్టుకుంటె బరువుండే గొలుసే కొనుర్రి. మామూలు డిస్క్ లాకో, గొలుసో ఐదారు వందలల్ల వస్తది. సగం ట్యాంకు పెట్రోలు పైసలు.

గోడ ఉన్న కాడ ముందు చక్రం గోడకు ఆనిచ్చి పెడితె బండిని ఎనకకు గుంజి తిప్పుకోవాలె. ఇద్దరు దోస్తులు పోతె రెండు బండ్లను ఒకే గొలుసుతోని కలిపి ఎయ్యుర్రి. ఇయన్నిటికీ పైస ఖర్చు లేదు.

పాత బండ్లకు పెట్రోల్ కాక్ ఉంటది. అది బంద్ చేసి పోతె దొంగ స్టార్ట్ చేసినా కొంత దూరంల ఆగిపోతది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లల్ల ఎక్కువ శాతం గా కాక్ ఉండదు. వాటికి నమ్మకమున్న మెకానిక్ తోని కండ్లకు కనపడని జాగల ఒక చిన్న స్విచ్చి పెట్టించుకోవచ్చు. అది నొక్కితెనే ఇంజన్ అందుకుంటది. కానీ కొత్త బండి వైరింగ్ కోస్తె కంపెనీ వారంటీ పోవచ్చు, ముందే షోరూంల అడుగుర్రి. స్విచ్చి ఏడున్నదో ఊరందరికి చూపెట్టుకుంట తిరగొద్దు.

జీపీఎస్ ట్రాకర్ పెట్టుకుంటె బండి ఏడున్నదో ఫోన్ల కనపడతది. అండ్ల సిమ్ ఉంటది, రీచార్జి తప్పొద్దు. బండి ఏడున్నదో కనపడంగనే దోస్తులను ఏస్కొని ఉరకొద్దు. గా లొకేషన్ పోలీసోళ్లకు ఇయ్యుర్రి. అటు దిక్కు ఎంతమంది ఉన్నరో, చేతిల ఏమున్నదో మనకు తెల్వదు.

ఇంటి కాడ

"మన ఊర్లె ఎవడు తీస్తడు" అనుకుంటం. బయట అరుగు కాడ బండి, దర్వాజ పక్క మొలకు చాబీ. మా ఇంట్ల సుత గట్లనే ఉండె. ఎండకాలం డాబా మీద పండుకుంటం, చలికాలం తలుపులు పెట్టుకుంటం, రెండు కాలాలల్ల బండి బయటనే. చాబీ లోపలింట్ల పెట్టాలె. బండిని అర్ర లోపలికి తీసుకునే వీలుంటె తీసుకోవాలె, లేకుంటె కిటికి గ్రిల్లుకు గొలుసెయ్యాలె. పొలం కాడ ట్రాక్టర్ ఇడిచిపెట్టి వచ్చేటోళ్లు చాబీ సీటు కింద దాస్తరు. సీటు కింద ఉంటదని అందరికీ తెలుసు. ట్రాక్టర్ మొత్తం పోకున్నా బ్యాటరీ పోతది. బ్యాటరీ డబ్బాకు సుత తాళమెయ్యుర్రి.

కారున్నోళ్లకు

ఇప్పుడు ఊర్లల్ల కార్లు సుత మస్తయినయ్. మా మేనబావ ఒక పాత కారు కొని కిరాయికి నడుపుతడు. ఆయనకు నేను చెప్పేటియి ఇయి.

ఇంజన్ నడుస్తుండంగ దిగొద్దు. చాయ్ కోసమని, కూరగాయల కోసమని, గేటు తీసేటందుకని దిగి రెండు నిమిషాలు ఇడిచిపెట్టుడే అన్నిటికన్న పెద్ద తప్పు. ఇప్పటి కార్లల్ల చాలామట్టుకు ఇమ్మొబిలైజర్ ఉంటది. అంటె చాబీల ఒక చిప్పు ఉంటది, దాన్ని కారు గుర్తుపడితెనే ఇంజన్ అందుకుంటది. గంత పెద్ద రక్షణ కంపెనోడు పెట్టిస్తె, చాబీ అండ్లనే ఇడిచిపెట్టి మనమే దాన్ని ఉత్తదాన్ని చేస్తున్నం.

రిమోట్ నొక్కి ఎనకకు చూడకుండ పోవద్దు. డోరు పట్టి గుంజి చూడాలె. పక్కపొంటి సిగ్నల్ అడ్డుకునే యంత్రం ఉంటె మనం నొక్కింది కారుకు చేరదు, డోర్లు పడవు.

బటన్ స్టార్ట్ కార్ల చాబీ జేబుల ఉంటెనే కారు తెర్సుకుంటది. ఇంట్ల ఉన్న చాబీ సిగ్నల్‌ను యంత్రంతోని పట్టి కారు దాక చేరేసి, అద్దం పగలగొట్టకుండనే తీసుకపోయే దొంగలున్నరు. గందుకని గా చాబీని దర్వాజ కాడ పెట్టొద్దు. మూత గట్టిగున్న ఇనుప డబ్బాల పెట్టుర్రి. డబ్బా పని చేస్తుందా లేదా ఎట్ల తెలుస్తది? చాబీ అండ్ల పెట్టి, మూతేసి, డబ్బా పట్టుకొని కారు కాడ నిలవడు. డోరు తెర్సుకుంటె గా డబ్బా పనికిరాదు.

స్టీరింగ్‌కు అడ్డంగ పడే ఇనుప కడ్డీ తాళం పాత పద్ధతే గని మంచిగ పని చేస్తది. అద్దంలకెళ్లి కనపడతది, దొంగ అక్కన్నే ఆలోచన మార్చుకుంటడు. బ్యాగు, ల్యాప్‌టాప్, ఫోను సీటు మీద కనపడేటట్టు పెట్టొద్దు.

కాగితాల తాళం

మేము అసలు దెబ్బ తిన్నది ఈడనే. బండికి ఇన్సూరెన్స్ ఉన్నదనే ధైర్యంతోని ఉన్నం. ఐదేండ్ల ఇన్సూరెన్స్ అని షోరూంల చెప్పిర్రు, కాగితం మీద 2024 దాక అని ఉన్నది. ఆఫీసుకు పోతె తెలిసింది, ఐదేండ్లది థర్డ్ పార్టీ మాత్రమే అని.

2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త బైకుకు ఐదేండ్లు, కొత్త కారుకు మూడేండ్లు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసిర్రు. అది మన బండి తాకి వేరేటోళ్లకు నష్టమైతె ఇచ్చేది. మన బండి పోతె అండ్ల ఒక్క రూపాయి రాదు. దొంగతనానికి పైసలిచ్చేది ఓన్ డ్యామేజ్ అనే భాగం. కొన్ననాడు అది చానామట్టుకు ఒక్క ఏడాదికే ఉంటది. రెండో ఏడు నుంచి మనమే కట్టుకోవాలె. 2019 సెప్టెంబర్ నుంచి దాన్ని విడిగ సుత అమ్ముతున్నరు. మేము కట్టలే. కట్టాలని తెల్వనే తెల్వదు.

ఈ ముచ్చట చదువుతున్నోళ్లు ఇప్పుడే లేచి మీ పాలసీ కాగితం తీయుర్రి. అండ్ల రెండు తారీఖులుంటయ్. థర్డ్ పార్టీ ఎప్పటిదాక, ఓన్ డ్యామేజ్ ఎప్పటిదాక చూడుర్రి. రెండోది దాటిపోతె బండి పోయిననాడు మీ చేతిల ఉన్నది ఉత్త కాగితమే.

ఎంత వస్తదనేది ఐడీవీ అనే అంకె చెప్తది. పాలసీ మీదనే రాసి ఉంటది. బండి వయసును బట్టి తరుగు తీస్తరు: ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేండ్ల లోపు 20, మూడేండ్ల లోపు 30, నాలుగేండ్ల లోపు 40, ఐదేండ్ల లోపు 50. 65 వేల బండికి 30 శాతం తీసినా 45,500. అది మాకు ఏడు కిస్తీలు తీరంగ ఇంక మిగిలేది. ఫైనాన్స్ ఉన్న బండికైతె ముందు ఫైనాన్సోళ్ల బాకీ పోతది, మిగిలింది మనకు.

క్లెయిమ్‌కు రెండు చాబీలు అడుగుతరు. ఒకటే చూపెడితె "ఇంకోటి బండికే ఇడిచిపెట్టినవా" అంటరు. బండిని జాగ్రత్తగ చూసుకోవాలనేది పాలసీల షరతు, చాబీ బండికే ఉంటె పైసలు ఆపేటందుకు వాళ్లకు సాకు దొరుకుతది. రెండో చాబీ బీరువల పెట్టుర్రి. ఆర్సీ అసలుది బండి డిక్కీల పెట్టొద్దు, దొంగకు బండితోటి కాగితం సుత ఇచ్చినట్టైతది. డిజీలాకర్ల, ఎంపరివాహన్ల ఉన్న ఆర్సీ తనిఖీల చెల్లుతది. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు, బండి మీద ఉన్న గీతలు, సొట్టలు ఫోటోలు తీసి ఇంట్లోళ్ల ఫోన్ల సుత పెట్టుర్రి.

పోయినంక మొదటి గంట

ముందు అటిటు వెతుకుడు పది నిమిషాలకు మించొద్దు. 100కు గని 112కు గని ఫోన్ చెయ్యాలె. తర్వాత ఠాణాకు పోయి ఫిర్యాదు రాసియ్యాలె. 2024 జూలై 1 నుంచి అమల్లకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ఠాణా పరిధిల జరిగినా ఫిర్యాదు తీసుకోవాలె. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటరు. ఆన్‌లైన్‌ల ఫిర్యాదు పంపితె మూడు రోజులల్ల పోయి సంతకం పెట్టాలె. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగ ఇయ్యాలె, అడిగి తీసుకోవాలె. తీసుకోమంటె జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగ పోస్టుల పంపవచ్చు. "రెండు రోజులు చూద్దాం, దొరుకుతదేమో" అంటె వాపస్ రావొద్దు.

అదే రోజు ఇన్సూరెన్సోళ్లకు చెప్పాలె, ఫైనాన్స్ ఉంటె వాళ్లకు, ఆర్టీఓ ఆఫీసుల సుత రాసియ్యాలె. ఎఫ్ఐఆర్ వెంటనే అయి, ఇన్సూరెన్సోళ్లకు చెప్పుడు ఒక్కటే ఆలస్యమైతె, గా ఒక్క కారణంతోని నిజమైన క్లెయిమ్‌ను కొట్టెయ్యొద్దని 2020ల సుప్రీంకోర్టు తీర్పు ఉన్నది. అంటె అన్నిటికన్న ముందు ఎఫ్ఐఆర్.

పోయిన బండి తోని ఎవడన్న గొలుసు గుంజుకపోతె, యాక్సిడెంట్ చేస్తె, నంబరు నీది. పోలీసోళ్లు నీ ఇంటికే వస్తరు. ఎఫ్ఐఆర్ మీద ఉన్న తారీఖు, టైమే నిన్ను కాపాడేది.

మా బండి దొరికిన తీరు

జూన్ల నా ఫోనుకు చలాన్ మెసేజ్ వచ్చింది. హెల్మెట్ లేదని. వెబ్‌సైటుల తెరిస్తె ఫోటో ఉన్నది: మా బండే, పాల క్యాన్లకు కట్టిన కొక్కెం సుత గట్లనే ఉన్నది. జాగ వేరే జిల్లా. నంబరు ప్లేటు సుత మార్చలే. గా ఫోటో తీసుకపోయి ఠాణాల ఇచ్చిన. ఆగస్టుల పిలిచిర్రు.

ఆడ కూసున్న పోరనికి పందొమ్మిదేండ్లు. వాడు దొంగ కాదు. కొన్నోడు. ఎనిమిది వేలకు ఇస్తమంటె, కాగితాలు తర్వాత తెస్తమంటె నమ్మిండట. ఆ ఎనిమిది వేలు వాళ్లవ్వ కైకిలు పైసలట. దొంగ సొత్తని తెలిసి గని, తెలుసుకునేటందుకు కారణం ఉండి గని తీసుకుంటె భారతీయ న్యాయ సంహిత 317 కింద మూడేండ్ల దాక జైలు పడవచ్చు. దొంగతనానికి 303 కింద సుత గదే మూడేండ్లు. అప్పటి పాత చట్టంల సుత గట్లనే ఉండె. అరవై వేల బండి ఎనిమిది వేలకు వస్తుందంటె "నాకు తెల్వదు" అనే మాటను ఎవరు నమ్ముతరు?

తమ్ముళ్లు, నాకు అన్నిటికన్న బాధైంది గా పోరన్ని చూసి. నా లెక్కనే ఉన్నడు. కాగితాలు లేని బండి కొనేటోళ్లు ఉన్నన్ని రోజులు చింతచెట్టు కింద బండ్లు పోతనే ఉంటయ్. పాత బండి కొనేముందు ఆర్సీ అసలుది చూడుర్రి. అండ్ల ఉన్న ఇంజన్, చాసిస్ నంబర్లు బండి మీద ఉన్నయో లేదో మీ కండ్లతోని కలపుర్రి. ఎంపరివాహన్ల నంబరు కొట్టి చూడుర్రి. దొంగతనం కింద నమోదైన బండ్లను చూసుకునేటందుకు జాతీయ నేర రికార్డుల సంస్థది వాహన్ సమన్వయ్ ఉన్నది. పైసలిచ్చిన నెల లోపల పేరు మార్పించుకోవాలె. అమ్మేటోళ్లు సుత గంతే, రికార్డుల పేరు మారేదాక బాధ్యత మీ మీదనే.

కోర్టుల పిటిషన్ పెట్టుకొని బండి తెచ్చుకున్నం. ఇండికేటర్లు లేవు, బ్యాటరీ లేదు, సీటు చినిగింది. బాగు చేయిస్తె తొమ్మిది వేలు అయినయ్. ఇప్పటికీ పాలు దాని మీదనే పోతున్నయ్. సీటు పక్కకు గొలుసు వేలాడుతుంటది. ఏడికన్న పోయి ఇంటికి ఫోన్ చేస్తె మా బాపు తిన్నవా అని అడగడు, గొలుసు ఏసినవా అనే అడుగుతడు.